లోపలి మడత

“ఇప్పుడున్న ఇళ్లకు చిన్న మురుగు పైపు చాలమ్మా. రెండింతలది వేసి మునిసిపాలిటీ డబ్బంతా మట్టిలో పొయ్యమంటావా? పూడ్చాక ఎవరి కంటికి కనబడుతుందది?” అన్నారు చైర్మన్ గారు, పాప నడుముకు టేపు చుడుతూ. పదవి వచ్చినా ఆయన పొద్దుటిపూట కుట్టుమిషను వదల్లేదు.

“ఊరు పెరుగుతోందండీ,” అంది పాప తల్లి. మునిసిపల్ ఇంజనీరు ఆవిడే.

“పెరిగినప్పుడు చూసుకుందాంలే.” టేపు పాప మోకాళ్ల దాకా జారింది. “గౌనుకి ఇంకాస్త గుడ్డ కావాలి. అంచు లోపల నాలుగు వేళ్ల మడత వదులుతా.”

“అంత గుడ్డ దండగ కదండీ?”

“దండగేంటమ్మా! పిల్ల ఏపుగా ఎదుగుతోంది. వచ్చే ఏడు మడత విప్పుకుంటే సరి. లేదంటే మళ్లీ మొత్తం గౌనే కొత్తది...”

ఆయన చటుక్కున తలెత్తి ఆవిడ వంక చూశారు. ఇంజనీరు నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

“గడుసుదానివే!” ఆయనా పకపకా నవ్వేశారు. “సరే, పెద్ద పైపుకే తీర్మానం పెట్టు.”

“తాతా, లోపలి మడత ఎవరికీ కనబడదుగా?” అంది పాప.

“కనబడదు తల్లీ. విప్పిన రోజున మాత్రం కుట్టినవాణ్ణి తలుచుకుంటారు.”