మన్ను ఎండితే వెలిగే బల్బు

"గిదేంది?" కిటికీలోని పూలకుండీని తుపాకీతో చూపించాడు ఎస్సై. మఫ్టీలో వెనక తలుపు నుంచి వచ్చాడు.

కుండీ మట్టిలో రెండు మేకులు గుచ్చి ఉన్నాయి. వాటి వైర్లు ఒక సబ్బుపెట్టెలోకి పోయాయి. పెట్టె మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. ఆ రోజుల్లో కోరుట్లలో మేకులూ వైర్లూ ఒక్కచోట కనిపిస్తే ఎవరికీ మొక్కలు గుర్తుకు రావు.

"మన్ను ఎండితే వెలుగుతది సార్, తడిస్తే ఆరిపోతది. రేడియో మెకానిక్‌ను గద, నేనే చేసిన," అన్నాడు రాజనర్సు.

"అడవిలకు పోయిన నీ తమ్ముడు నేర్పిండా?"

"వానికి బల్బు మార్చుడు గూడ రాదు సార్. నీళ్లు పోసి చూపిస్త."

"చెయ్యి పెట్టకు!"

ఎస్సై చెంబు లాక్కుని, ముఖం పక్కకు తిప్పుకుని తానే పోశాడు. బల్బు ఆరిపోయింది. ఏమీ పేలలేదు.

ఎస్సై మెత్తబడ్డాడు. "మాది గూడ ఎవుసమే. చెట్టును గిట్ల ఎండవెడ్తవా? రోజూ నీళ్లు పొయ్యాలె."

"పోస్త సార్."

తమ్ముడి కోసం ఎస్సై పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడు. ఈలోగా మొక్క కాస్త తేరుకుంది. తమ్ముడు మాత్రం రాలేదు.

బల్బు ఆరగానే అతను ఎదురు హోటల్లో చాయ్ గ్లాసు కింద పెట్టి జగిత్యాల బస్సెక్కాడు. వెలుగుతుంటేనే ఇంట్లోకి రమ్మని అన్న ముందే కబురు పెట్టి, వారం నుంచి మొక్కకు నీళ్లు మానేశాడు.