మేట్రన్ గారి రౌండ్స్

"మా అమ్మ ఆఖరుసారి పొయ్యి ముట్టించింది మార్చి పదకొండునండీ. ఆ రోజు పొద్దున్న మేం తిన్నది మాడిన గుడ్లు," అన్నాడతను.

మేట్రన్ నడక ఆపింది. "మాడిన గుడ్లా?"

"ఉడకబెట్టడానికి స్టవ్ మీద పెట్టి, మా అమ్మ వీధిలోకి వెళ్లిపోయింది. నీళ్లన్నీ ఇగిరిపోయి గుడ్లు టపటపా పేలాయి. సగం గోడకి అంటుకున్నాయి. మిగిలినవి బ్రెడ్డులో పెట్టుకుని తిన్నాం. మా అమ్మ తిరిగొచ్చి, ‘ఈసారి బాగా ఉడికినట్టున్నాయిరా’ అంది."

మేట్రన్ ఫక్కున నవ్వింది. "ఘటికురాలే మీ అమ్మగారు."

అతనూ నవ్వాడు. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. మర్నాడే వంటింటికి తాళం పడింది.

అతనిది కళ్లజోళ్ల షాపు. ఎంతోమందికి చూపు సరిచేసి పంపినవాడికి ఈ ఒక్క సంగతిలో మాత్రం ఏదీ తేటగా కనబడటం లేదు. అమ్మని ఈ హోంలో ఉంచాలా, ఇంట్లోనే పెట్టుకోవాలా? ఏదో ఒకటి ఈ సాయంత్రానికి తేల్చి చెప్పమన్నాడు హోం మేనేజరు. అందుకే షాపు పెందరాళే కట్టేసి వచ్చి, మేట్రన్ వెంట గది గదీ తిరుగుతున్నాడు.

ఆవిడ ఓ మంచం దగ్గర ఆగి, చక్కగా పరిచి ఉన్న దుప్పటి మూల లాగేసింది. మళ్లీ ఏటవాలుగా మడిచి పరుపు కిందికి తోసింది.

"ఇలా ఉండాలి. లేకపోతే రాత్రి లేచినప్పుడు కాళ్లకి చుట్టుకుంటుంది. మీ అమ్మగారికి వయసెంతన్నారు?"

"డెబ్బై మూడండీ."

"ఇందాకా అడిగానా?"

"పర్లేదండీ."

"ఇంతమందిలో ఎవరి వయసని గుర్తుపెట్టుకోను చెప్పండి."

ట్రేతో ఎదురొచ్చిన ఆయా పక్కకి తప్పుకుంది. "మేట్రన్ గారూ, టీ చల్లారిపోతోంది."

"రౌండ్స్ అయ్యాక తాగుతాలే. ఆ మూలగదిలో కిటికీ తీయమన్నాను, తీశావా?"

"తీశానండీ."

వరండాలో ఓ ముసలాయన ఒళ్లో చెక్కముక్క పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఒళ్లంతా పొట్టు. దాన్ని ఎవరూ దులపడం లేదు, ఆయన్ని ఎవరూ ఆపడం లేదు.

"వడ్రంగి," అంది మేట్రన్ గొంతు తగ్గించి. "ఆ చెక్క ఎప్పటికీ పూర్తి కాదు. అయితే ఏం? చేతులు కట్టేసి కూర్చోబెడితే మంచం పడతాడు."

అతను ఆ ముసలాయన చేతుల వంకే చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇంట్లో మేం అదే చేశామండీ. పడిపోతుందేమో, కాల్చుకుంటుందేమో అని భయం. చీపురు పడితే లాక్కున్నాం. ఇంక గోడకేసి చూస్తూ కూర్చునేది."

"పాపం, మీరు మాత్రం ఏం చేస్తారు. భయం ఉంటుందిగా." ఆవిడ అతని భుజం తట్టింది. "నాకు అప్పగించండి. చేతినిండా పని చెప్తా."

ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, తేల్చావా లేదా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిర్ణయం తిన్నగా తీసుకున్నావా నువ్వు? పెళ్లికి చొక్కా కూడా నేనే కొన్నాను."

"రౌండ్స్‌లో ఉన్నానక్కా."

"ఎవరితో?"

"మేట్రన్ గారితో."

అవతల అక్క జోరు తగ్గింది. "ఎలా ఉందిరా?"

"బాగుందక్కా. నిజంగా బాగుంది."

"ఎవరూ కసురుకోవట్లేదు కదా?"

"లేదు. నవ్వుతున్నారు కూడా."

"సరే అయితే," అంది అక్క. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "నీ ఇష్టం. ఈసారికి నీ మాటే కానీ."

వరండా చివర కిందికి దిగే ఏటవాలు దారి ఉంది. మేట్రన్ అలవాటైనదానిలా అతని మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ దిగుతున్నారు. అడగాలనుకున్న అసలు మాట అప్పుడు అడిగాడు.

"ఈమధ్య మా అమ్మ నన్ను గుర్తుపట్టడం లేదండీ. ఇంక నేను వచ్చినా, రాకపోయినా ఒకటేనా?"

 మేట్రన్ దారి పూర్తిగా దిగాక నిలబడి అంది.

"ఒకటెలా అవుతుంది? పేరు పోతుంది, వరస పోతుంది. నిజమే. కానీ ఏ మనిషి దగ్గర భయం లేదో ఒంటికి తెలుస్తుంది. ముక్కూమొహం తెలియనివాడి చెయ్యి పట్టుకుని ఎవరూ ఇలాంటి దారి దిగరు బాబూ. మీరు వస్తూ ఉండండి."

అతను కళ్లజోడు తీసి, తుడవాల్సినదానికంటే ఎక్కువసేపు తుడిచాడు.

"ఇంతకీ ఏం అనుకున్నారు?"

"ఇక్కడే ఉంచుతానండీ."

"మంచి పని. గాలి వచ్చే గది చూసి ఇస్తాను, దిగులు పెట్టుకోకండి."

తన గది గుమ్మంలో నిలబడి ఉన్న మేనేజరుకి అతను దూరం నుంచే తల ఊపాడు. నెలల తరబడి ఛాతీ మీద కూర్చున్న బరువేదో లేచి వెళ్లిపోయినట్టయింది. ఇంటికెళ్లి కడుపునిండా తినాలనిపించింది.

భోజనాలయ్యాయి. వరండాలో ఒక్కొక్క దీపమే ఆరుతోంది. మేట్రన్ తన గది దాకా వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది.

"ఇంక నేను కాస్త నడుం వాలుస్తాను. మీ అమ్మగారిని అడిగానని చెప్పండి."

"చెప్తానండీ."

ఆవిడ చెప్పులు విడిచి, మంచం మీద వాలి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. ఆ మొహంలో, ఆస్పత్రిలో మేట్రన్‌గా చేసిన రోజుల్లోలాగే, రోజంతా పనిచేసిన మనిషి తృప్తి ఉంది.

"ఇంక పడుకో అమ్మా," అని కొడుకు చప్పుడు కాకుండా తలుపు మూశాడు.