నడివీధి ఎండ

విశాఖ తీరపు ఆకాశహర్మ్యాల మధ్య మధ్యాహ్నం పూట ప్రాణం తీసే ఎండకు ఎవరూ వీధిలో నడవరు. మేడ నుంచి మేడకు చల్లటి వంతెనల మీదే రాకపోకలు. ఆ రోజు ఎదుటి మేడకు కరెంటు పోయి, వంతెన తలుపులు మూసుకుపోయాయి. హైమావతి ఏడాది కూతురు అక్కడి శిశుకేంద్రంలో ఉంది.

"నీడొచ్చీదాక ఆగమ్మా, ఈ ఎండకి మనిసి నిలబడ్డు," అన్నాడు వాచ్‌మన్ అప్పలసూరి.

"పిల్ల ఉడికిపోతాది బావూ," అంటూ ఆమె తడిపిన చున్నీ తలకు చుట్టుకుని వీధిలోకి దిగింది.

నడివీధిలో కళ్ళు బైర్లు కమ్మాయి. ఎదురుగా తడి దుప్పటి కప్పుకుని శిశుకేంద్రం ఆయా సన్యాసమ్మ వస్తోంది. ఆమె చంకలో హైమావతి పాప.

"మిగతా పిల్లలో?"

"ఇంకా ముగ్గురున్నారమ్మా."

ఇద్దరూ వెనక్కి వచ్చారు. హైమావతి పాపను అప్పలసూరి చేతుల్లో పెట్టింది. దుప్పటి మళ్ళీ తడిపి, సన్యాసమ్మతో కలిసి ఎండలోకి నడిచింది.