గుర్రమెక్కిన పుష్పమ్మ

“అత్తమ్మా, జెర మెల్లగ! అందరూ మనదిక్కే చూస్తున్నరు.”

రబ్బరు పడవ ఇంకా నీళ్లలోకి దిగనేలేదు, పుష్పమ్మ అప్పుడే కేరింతలు మొదలుపెట్టింది. మధుసూదన్ ఆవిడ హెల్మెట్‌ను కనుబొమల దాకా కిందికి లాగాడు.

“ఏంది అల్లుడా! నాకు నది కనిపించొద్దా?” అంటూ ఆవిడ దాన్ని మళ్లీ పైకి తోసేసుకుంది.

చీకటితో చిలకలగూడలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఇదే వరస. అడవిలో ఒక్క రోజు, కాసేపు పడవ, కాసేపు గుర్రం, కొత్తవాళ్లకు ఏ భయమూ ఉండదు అని ట్రావెల్స్ వాడు చెప్పగానే పుష్పమ్మ పట్టు పట్టింది. ఆదివారాలన్నీ నిండిపోయి గురువారమే దొరికింది. గురువారమంటే ఆఫీసు. ఆఫీసులో ఆడిట్. ఎవరికీ సెలవుల్లేవు.

మధుసూదన్ అబద్ధమాడాడు.

ఆడింది ఎవరితోనని! సూపరింటెండెంట్ జకర్యాతో. దొంగ సెలవు పెట్టిన టైపిస్టును పోయినేడే శ్రీకాకుళానికి బదిలీ చేయించిన మహానుభావుడు. సికింద్రాబాద్ ఎక్కడ, శ్రీకాకుళం ఎక్కడ! భార్య సీతామహాలక్ష్మి బడి ఉద్యోగం, పిల్లల చదువు, మల్కాజ్‌గిరిలో కట్టుకున్న ఇల్లు, అన్నీ ఏమైపోవాలి?

అంతటి జకర్యా నిన్న ఒక్క మాట కూడా కాదనలేదు. పైగా చేయి పట్టుకుని, “జెర పైలం, మధుసూదన్. ఏ ఊరు పోవాలె?” అన్నాడు. చెప్పాక మళ్లీ అడిగాడు, “ఏ ఊరంటివి?”

ఆ మెత్తదనమే మధుసూదన్‌కు మింగుడు పడటం లేదు. ఊరి పేరు రెండోసారి ఎందుకడిగినట్టు?

దానికి తోడు, పడవలో వెనక కూర్చున్న ఆ మనిషి ఒకడు. మబ్బు కమ్మి చినుకులు పడుతుంటే నల్ల కళ్లద్దాలు ఎవరైనా పెట్టుకుంటారా? మూతికి దస్తీ ఒకటి. బస్సులోనూ అంతే, చివరి సీట్లో కిటికీ వైపు తిరిగి ముడుచుకుని కూర్చున్నాడు. టీ తాగడానికైనా కిందికి దిగలేదు. పక్కనున్న ఆవిడ, భార్యే కాబోలు, గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను గొంతు సవరించుకునే తీరు మాత్రం అచ్చం జకర్యాదే.

‘ఆడిట్ వదిలేసి ఇంత దూరం వచ్చాడంటే నన్ను పట్టుకోవడానికే!’ మధుసూదన్ భార్య చెవి దగ్గరికి వంగాడు.

“సీతా, ఆ దస్తీ ఆయన మనల్నే చూస్తున్నడు కదూ?”

“మనల్ని కాదు, మా అమ్మను చూస్తున్నడు,” అంది సీతామహాలక్ష్మి విసురుగా. “మీరేమో పొద్దటి నుంచి ఆమెను దాస్తనే ఉన్నరు. మా అమ్మను తోలుకొస్తే మీకు అంత నామోషీగ ఉందా?”

మధుసూదన్ అత్తగారి హెల్మెట్‌ను మళ్లీ కిందికి లాగాడు.

పడవ రాళ్ల మధ్య ఎగిరి పడింది. అందరూ తాళ్లు పట్టుకుని అరుస్తుంటే పుష్పమ్మ ఒక్కతే, “ఇంకోపారి, ఇంకోపారి!” అంది. మధుసూదన్ వెనక్కి తిరిగి చూశాడు. దస్తీ మనిషి చటుక్కున భార్య వీపు వెనక్కి వంగాడు.

ఒడ్డుకు చేరగానే గ్రూప్ ఫొటో అన్నారు. మధుసూదన్ అత్తగారి చేయి పట్టుకుని, “అత్తమ్మా, ఇటు రండి, పూలున్నయ్,” అంటూ వెదురు పొద వెనక్కి లాక్కెళ్లాడు. దస్తీ మనిషి అప్పటికే అక్కడ నక్కి ఉన్నాడు. ఇద్దరూ ఉలిక్కిపడి మొహాలు చెరోవైపు తిప్పుకున్నారు.

ఇక అనుమానమే లేదు. ఇదంతా కాపలా కాయడమే.

మధ్యాహ్నం గుర్రాలు వచ్చాయి. “భయపడకుండ్రి, అందరు ఎక్కుండ్రి. ఇవి పట్నంల పెళ్లి బరాత్‌లు తిరిగినయ్, మస్తు మెత్తటి జీవాలు,” అన్నాడు గుర్రాలాయన వీరయ్య.

“అత్తమ్మా, మీకెందుకు ఈ తక్లీఫ్? బస్సుల కూసోండి,” అని మధుసూదన్ బతిమాలాడు.

“గుర్రమెక్కనీకే కదా వచ్చింది!” పుష్పమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని అందరికంటే ముందు తెల్ల గుర్రం ఎక్కేసింది. చేసేది లేక మధుసూదనూ ఒకటి ఎక్కాడు. దస్తీ మనిషిని కూడా భార్య బలవంతాన ఎక్కించింది.

అడవిలో నాలుగడుగులు సాగారో లేదో, హుషారెక్కిన బస్సు డ్రైవరు ఖాళీ బకెట్ బోర్లించి పెళ్లి మర్ఫా దరువేశాడు.

అంతే! బరాత్ అనుకున్నాయి గుర్రాలు. ఒక్కసారిగా నాట్యం షురూ చేశాయి. తెల్ల గుర్రం ముందుకాళ్లెత్తి తాళం తప్పకుండా చిందులేస్తుంటే, పైన పుష్పమ్మ ఒక చేత్తో కళ్లెం పట్టుకుని రెండో చేయి గాల్లో తిప్పుతూ, “వారెవ్వా!” అని ఊగిపోయింది. బస్సు బస్సంతా చప్పట్లు. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

దస్తీ మనిషి గుర్రం కూడా గింగిరాలు తిరిగింది. కళ్లద్దాలు ఎగిరి బురదలో పడ్డాయి. దస్తీ మెడలోకి జారింది.

జకర్యా!

చిందులేస్తూనే ఇద్దరి గుర్రాలూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. మధుసూదన్‌కు శ్రీకాకుళం కళ్ల ముందు కనిపించింది.

“సార్... అది కాదు సార్... నేను...”

జకర్యా ముందు అటూ ఇటూ చూశాడు. తర్వాత గుర్రం మీద ఊగుతున్న పుష్పమ్మను చూశాడు. జీను మీద నుంచి ముందుకు వంగి, గొంతు సవరించుకుని, గుసగుసగా అన్నాడు:

“మధుసూదన్, నేను సుత పెద్దసారుకు గదే చెప్పొచ్చిన, రేపు అడిగితే జెర చెప్పు, పొద్దటిసంది మీ అత్తమ్మ చావుకాడ నీ పక్కనే ఉన్ననని!”