పెట్టె లేచిన రోజు

సంచిలో సర్దిన ఎర్ర చెప్పుల జతను చిన్-చీ మళ్ళీ బయటికి తీసి గుమ్మం పక్కన పెట్టింది. పొద్దుటినుంచి ఇది మూడోసారి.

"ఇల్లే కూల్చేస్తున్నారే తల్లీ! ఇక గుమ్మం ఎక్కడుంటుంది? చెప్పులు గాల్లో పెడతావా?" అన్నాడు మొగుడు బో-వెన్.

"ఆ-లాన్ వస్తే ఏం తొడుక్కుంటుంది?"

"రాదలుచుకుంటే నీ చెల్లెలు ఈ ఐదేళ్ళలో రాకపోయేదా? మన దేశమేమన్నా సముద్రమంత ఉందా? పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ఆ కొస చేరొచ్చు."

లారీ మూడింటికి వస్తుంది. వచ్చేవారం ఈ వరసలో ఇళ్ళన్నీ పడగొడతారు. తల్లి పోయిన నెలలోనే అక్కాచెల్లెళ్ళకు మాటామాటా పెరిగింది. ఆ-లాన్ సంచి భుజానేసుకుని వెళ్ళిపోయింది. ఫోను నంబరు కూడా మార్చేసింది.

లారీ ఎక్కడానికి చిన్-చీ ఒకటే షరతు పెట్టింది. అల్మారా మీద మూడేళ్ళుగా చచ్చిపడున్న నెట్‌వర్క్ పెట్టె మళ్ళీ లేచి పనిచేయాలి. ఇంట్లో ఫోన్లలో తీసిన ఫొటోలన్నీ దాంట్లోకే పోయేవి. దాన్ని తెచ్చి బిగించింది ఆ-లానే. తల్లి పుట్టినరోజున ఆ-లాన్ పాడిన పాట కూడా అందులోనే ఉంది. చెల్లెలి మొహం ఒక్కసారి చూసి, గొంతు విని, అప్పుడు కదులుతానంది.

బో-వెన్ ఫొటోలు దాచే కొత్త డిస్కులు రెండు తెచ్చాడు. పాతవి ఊడదీసి బల్లమీద పెట్టాడు.

"ఒకటి పోయినా రెండోదాంట్లో అచ్చం అదే ఉంటుందని రెండు పెడతారు. నువ్వు రెండింటినీ ఒక్క దెబ్బకు చంపావు. అది నీకే చేతనైంది."

"కావాలని పడేశానా?"

మూడేళ్ళ క్రితం, చాంద్రమాన కొత్త సంవత్సరానికి ముందు ఇల్లంతా దులిపే రోజున, ఆ పెట్టె చిన్-చీ చేతిలోంచే జారిపడింది. పండక్కి చెల్లెలు వస్తుందేమోనని ఆ ఏడు అల్మారా నెత్తి కూడా తుడిచింది. అక్కడ ఎవరు చూడొచ్చారు!

కొత్త డిస్కులు లోపలికి తోసి, మరలు బిగించి, బో-వెన్ పెట్టె మీద ఒక చిరుతిళ్ళ పొట్లం పెట్టాడు. యంత్రం బుద్ధిగా పనిచేయాలంటే అది ఉండాల్సిందేనని అక్కడందరి నమ్మకం.

"పసుపుది పెట్టావేం? నీ బుర్రకేమైంది? పసుపంటే ఆగమని, ఆకుపచ్చంటే నడవమని. ఆకుపచ్చది పెట్టాలి!"

"రెండూ మొక్కజొన్న పేలాలే కదే."

"ఓడరేవులో నలభై ఏళ్ళు క్రేన్లు నడిపినవాడు అనే మాటేనా అది? ఆకుపచ్చదే పెట్టు. గడువు దాటితే పనిచేయదు, తేదీ చూడు."

అతను గొణుక్కుంటూ ఆకుపచ్చ పొట్లం పెట్టి మీట నొక్కాడు. పెట్టె గురక పెట్టింది. దీపం కాసేపు నారింజ రంగులో రెపరెపలాడి, ఆకుపచ్చగా మారింది. చిన్-చీ చేతులు జోడించింది.

"ఏది, చూపించు."

బో-వెన్ ఫోనులో అటూఇటూ జరిపాడు. తలెత్తలేదు.

"ఏముంది?"

"ఏమీ లేదు. పెట్టె లేచింది గానీ, లోపలున్నవి రావని షాపువాడు మొన్ననే చెప్పాడు."

"మొన్ననా! మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సంచి సర్దేదానివా?"

చిన్-చీ మంచం పట్టె మీద కూలబడింది. ఇక చెల్లెలి మొహం ఎక్కడా లేదు. వీధివైపు చూస్తూ ఉండటానికి ఇల్లు కూడా ఉండదు.

అప్పుడు బెల్ మోగింది.

"లారీ అప్పుడే వచ్చిందా?" అంటూ బో-వెన్ వెళ్ళి తలుపు తీశాడు. బయట కీలుంగ్ ఊళ్ళో ఎప్పుడూ ఉండే వాన. వీధిలో పిల్లి కూడా లేదు. తలుపు తీసి ఉండగానే, అతని కళ్ళముందే, ఎవరూ తాకకుండా బెల్ రెండోసారి మోగింది.

చిన్-చీ మంచం మీంచి లేచింది. "ఇది దయ్యాలు తిరిగే నెల కూడా కాదు కదయ్యా..."

మూడోసారి మోగింది.

బో-వెన్ ఫోను చూసుకుని ఊపిరి వదిలాడు. "భయపడకు. ఇవి ఇప్పుడు నొక్కినవి కావు. నీ చెల్లెలు ఈ కెమెరా బెల్‌ని పెట్టెకు కలిపిందన్నమాట. గుమ్మంలో నొక్కితే పెట్టెకు కబురొస్తుంది, పెట్టె లోపల మోగిస్తుంది. పెట్టె పడిపోయాక మోగించేవాళ్ళు లేరు. మోగకుండా మిగిలినవి బెల్ తన దగ్గరే దాచుకుంది. ఇప్పుడు పెట్టె లేవగానే బొమ్మతో సహా అప్పజెప్పింది."

"మన వీధిలో బెల్ నొక్కేదెవరు? పోస్టువాడు కూడా పేరుపెట్టి అరుస్తాడు."

"మూడంటే మూడే ఉన్నాయి. మూడూ ఒకే సాయంత్రం నొక్కినవి."

ఇద్దరూ ఫోను మీదకు వంగారు. వాన. తలుపుకు రెండు పక్కలా పండక్కి కొత్తగా అంటించిన ఎర్ర కాగితాలు. గొడుగు కింద ఒక ఆడమనిషి, చేతిలో నారింజపళ్ళ సంచి. మొహానికి గొడుగు అడ్డం ఉంది. బెల్ నొక్కి నిలబడింది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మళ్ళీ నొక్కింది. ఎవరినో పిలవబోయి ఆగింది.

ఆ బొమ్మలో ఇంట్లోంచి గిన్నెల చప్పుడు, టీవీ మోత, వాటన్నిటి మీదుగా ఎవరిదో పెద్ద నవ్వు వినిపించాయి. ఆ నవ్వు తనదేనని గుర్తుపట్టడానికి చిన్-చీకి కాస్త సమయం పట్టింది. పెట్టె పడిపోయిన ఆ ఏడు, పండగ ముందు రోజు సాయంత్రం, భోజనాల బల్ల మీద రానివాళ్ళ కోసం ఒక గిన్నె, తినే పుల్లల జత పెట్టింది. దాని వంక చూడకుండా ఉండటానికి మరిది చెప్పిన ప్రతి జోకుకీ గట్టిగా నవ్వింది.

గుమ్మంలో ఆడమనిషి మూడోసారి నొక్కింది. వెలుగుతున్న కిటికీ వైపు చూడటానికి గొడుగు వెనక్కి వాల్చింది.

ఆ-లాన్ 2020 జనవరి 24, కొత్త సంవత్సరపు ముందు రోజు సాయంత్రం, ఏడుంబావుకు ఆ గుమ్మం దిగి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.