బన్ను హిందీ నేర్చుకుంది

"కూర్చో" అన్నాడు యేసురాజు.

బన్ను కూర్చోలేదు. తోక ఊపుతూ అతని మొహంలోకి చూసింది.

"బైఠ్!" అంది అబిగేలు.

బన్ను టక్కున కూర్చుంది.

యేసురాజు పగలబడి నవ్వాడు. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి, దీవిలోని హాడో రేవు క్వార్టర్స్ వరండాలో ముగ్గురూ టీ తాగుతున్నారు.

"చూశావా మేరమ్మా! భీమిలి కుక్కిది. మా అక్క 'కూకోవే తల్లీ' అంటే కూకునేది. మూడు నెలలు తిరక్కుండా తెలుగు మొత్తం మర్చిపోయింది!"

"మీ కూతురు మాత్రం తక్కువ తిందా ఏటి? తెలుగు పాటల పుస్తకం ముట్టుకోదు" అంది మేరమ్మ.

అబిగేలు తల్లి వంక చూసి పెదవి కొరుక్కుంది.

"అది సరే, ఈ బన్ను అప్పుడు చేప వాసనకే మొహం తిప్పేసేది. ఇప్పుడు తలకాయతో సహా నమిలేస్తోందే!"

"నీళ్ళు మారాయి కదండీ" అంటూ మేరమ్మ లేచి గిన్నెలు సర్దసాగింది.

యేసురాజు ఓడరేవు వార్ఫులో క్రేన్ ఆపరేటరు. తల్లి లేని అతణ్ణి పెంచింది అక్కే. ఆమె పోయినప్పుడు వెళ్ళి, ఆమె మంచం కింద ముడుచుకుని పడుకున్న ఈ గోధుమరంగు ఊరకుక్కను వెంట తెచ్చుకున్నాడు. దానికి సూదులూ లేవు, కాగితాలూ లేవు. తెలిసిన ఖలాసీ ఒకడు ఓడలో బుట్టకింద దాచి తెచ్చాడు. సంగతి బయటపడితే ఇద్దరి ఉద్యోగాలకూ ముప్పే.

వచ్చిన మూడు వారాలకు బన్ను వింత చేష్టలు మొదలుపెట్టింది. లేని ఈగల్ని పట్టుకోవడానికి గాలిలో నోరు టపటపలాడించేది. వరండా కర్రను పళ్ళతో గీరేది. మొరిగితే గొంతు బొంగురుగా వచ్చేది. క్వార్టర్స్ వాళ్ళంతా చుట్టూ చేరి నవ్వేవారు. ముందుగా నవ్వింది యేసురాజే. "ఓడెక్కిన తల తిరుగుడు ఇంకా పోలేదు దీనికి" అని మేరమ్మ చెవిలో అనేవాడు.

అలా నవ్విన మర్నాడే, అన్నం పెడుతుంటే అతని ఎడమచెయ్యి పట్టుకుని కరిచింది.

వైరు తాడు కోసిందని ఇంట్లో చెప్పాడు. నిజం చెబితే మేరమ్మ కుక్కను ఒక్క పూట ఉండనివ్వదు. అక్క మనిషిగా అతనికి మిగిలింది అదొక్కటే. పక్క క్వార్టర్‌లో ఉండే నర్సు సాయిలక్ష్మికి మాత్రం చాటుగా గాయం చూపించాడు.

"కుక్క ఎక్కడిది భయ్యా?"

"ఇక్కడిదే సిస్టర్. వీధికుక్క."

"ఈ దీవుల్లో కుక్కలకు పిచ్చి జబ్బు లేదంటారు. అయినా నా మాట వినండి. ఇవాళే వెళ్ళి సూది వేయించుకోండి. కుక్కను కూడా పది రోజులు కనిపెట్టి ఉండండి. అప్పటికీ బాగుంటే భయం లేదు."

అందులో తనకు నచ్చిన ముక్కను మాత్రమే పట్టుకున్నాడు యేసురాజు. ఆసుపత్రికి పోతే ఎక్కడి కుక్క అని రాసుకుంటారు, ఆరా తీస్తారు. పది రోజులే కదా అనుకున్నాడు. కరిచిన నాటి నుంచి దాని దగ్గరకు పోలేదు. రోజూ పొద్దున్నే కిటికీలోంచి చూసి, అది కదిలితే "ప్రభువా, స్తోత్రం" అనుకుని డ్యూటీకి వెళ్ళేవాడు.

మూడో రోజుకు బన్ను లేవలేకపోయింది. నాలుగో రోజు ఓడ రావడంతో తెల్లారకుండానే పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. గేటు దగ్గర బన్ను తోక ఊపుతూ ఎదురొచ్చింది! అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. గుమ్మంలో మేరమ్మ కళ్ళు కూడా ఉబ్బి ఉన్నాయి. ఏమైందంటే ఉల్లిపాయలు తరిగానంది.

పదో రోజున బన్నుకు కోడికూర వండించి పెట్టాడు. ఆ సంగతి ఇక మర్చిపోయాడు.

మర్చిపోయాడనే అనుకున్నాడు. నిన్నటి నుంచి ఎడమచేతి మీద చీమలు పాకుతున్నట్టుగా ఉంది. గాయం మాని రెండు నెలలైంది, అయినా అక్కడే జివ్వుమంటోంది. ఇప్పుడు టీ గ్లాసు నోటిదాకా తెచ్చాడు గానీ గొంతు పట్టేసినట్టయి కింద పెట్టేశాడు. భయం వేసింది. వెంటనే బన్ను వైపు చూశాడు. అది గుండ్రాయిలా కూర్చుని చెవి గోక్కుంటోంది. తన పిరికితనానికి తనకే సిగ్గేసింది. మేరమ్మకు చెప్పేసి, ఆమె చేత నాలుగు తిట్లు తిని నవ్వేస్తే ఈ బెంగ వదిలిపోతుందనిపించింది.

"ఒక మాట చెబుతాను. తిట్టకూడదు."

"ఏటండీ?"

"ఈ చెయ్యి తాడు కోసింది కాదే. బన్ను కరిచింది."

మేరమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎప్పుడు?"

"అదే, లేని ఈగల్ని పట్టుకునేదే, అప్పుడు. పది రోజులు చూడమంది సాయిలక్ష్మి సిస్టర్."

"సూది వేయించుకున్నారా?"

"సూదెందుకే? పది రోజులు కాదు, రెండు నెలలు దాటింది. ఎలా ఉందో చూడు, నాకంటే బాగుంది!"

యేసురాజు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అబిగేలు తల్లి కొంగు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"మమ్మీ, పప్పాకి బతా దో, చెప్పెయ్యి" అంది.

మేరమ్మ వచ్చి అతని ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అక్క పోయిన దుఃఖంలో ఉన్నారు, ఇది కూడా తట్టుకోలేరని... ఆ ఓడొచ్చిన రోజు, నేనూ పిల్లా..."

"ఏమైందే?"

"అది బన్ను కాదండీ."