కడిగిన పలక

“నానమ్మా! నా పాఠం కడిగేశావా?”

యామ్నా కేక పెరట్లోంచి సందు మలుపు దాకా వినబడింది. నారింజచెట్టు కింద ఎండలో ఆరుతున్న చెక్కపలక మీద ఒక్క అక్షరం లేదు. సుద్దమట్టి పూసి నున్నగా రుద్దిన ఆ పలక అప్పుడే వడ్రంగి చేతినుంచి వచ్చినట్లుంది.

“తమ్ముడికి ఒళ్లు కాలిపోతోందే తల్లీ,” అంది నానమ్మ. “దేవుడి మాట కడిగిన నీళ్లు రెండు గుక్కలు పట్టించాను. మిగిలినవి ఎవరి కాలూ తగలకుండా చెట్టు మొదట్లో పోశాను.”

“ఈరోజు బుధవారం! సాయంత్రం అప్పజెప్పాలి!”

“బుధవారమా?” నానమ్మ చేయి నోటిమీదికి వెళ్లింది. “గురువారం అనుకున్నానే! నువ్వు అప్పజెప్పేశావు, కడగమని సెలవిచ్చారు అనుకున్నానే!”

యామ్నాను బడికి పిలుచుకుపోవడానికి వచ్చిన స్నేహితురాలు ఖద్దూజ్ గడప మీద నిలబడి అంతా విన్నది. “అయితే మీ తమ్ముణ్ణి చంకనేసుకుని రా,” అంది. “పాఠం వాడి కడుపులోనే ఉందిగా, వాడే అప్పజెబుతాడు.”

యామ్నా నవ్వలేదు.

శనివారం నాడు, పిల్లలు ‘సీదీ’ అని పిలిచే బడి గురువు ఫకీహ్ హమ్మాద్ ఖురాన్ వాక్యాలు చెబుతూంటే, పిల్లలు రెల్లుకలంతో ఎవరి పలక మీద వారు రాసుకుంటారు. వారమంతా ఇంట్లో వల్లెవేసి, బుధవారం సాయంత్రం ఆయన ముందు కూర్చొని అప్పజెబుతారు. ఆ పిమ్మట ఆయన పలక అందుకుని రాత పరీక్షిస్తారు. రాత చూపనిదే నోటితో ఎంత చక్కగా అప్పజెప్పినా చెల్లదు. ఆయన అనుమతి లేకుండా పలక కడిగిన పిల్ల తారూదాంత్ ఊరి కోటగోడల నడుమ ఇంతవరకు లేదు.

“మళ్లీ రాసుకోవే, వచ్చిన పాఠమేగా,” అంది నానమ్మ దీనంగా.

“దేంతో రాయను? సిరా, కలం బళ్లోనే పెట్టి తాళం వేస్తారు!”

ఆ వసంతంలో యామ్నా పాఠం ఒప్పించుకోలేక ఇప్పటికే రెండు పర్యాయాలు వెనక్కి వచ్చింది. రెండవసారి తండ్రి బ్రాహీం కోపగించుకోలేదు. అదే ఆమెకు ఎక్కువ భయం కలిగించింది. రొట్టె తుంచుతూ, “ఇంకొక్కసారి ఇలా వస్తే చదువు చాలు. మీ అత్త మగ్గం దగ్గర కూర్చుందువు గాని. తివాచీ ముడులకు చిన్న వేళ్లే కావాలంటోంది,” అన్నాడంతే. అత్త దగ్గర కుదిరిన పిల్లలను యామ్నా చూసింది. వారి వేళ్ల కొసలు ఎప్పుడూ ఎర్రగా చిట్లి ఉండేవి.

దారిలో ఖద్దూజ్ కాస్త మెత్తబడింది. “సీదీకి నిజం చెప్పెయ్యవే.”

“చెప్పాక?”

“చెప్పాక గట్టిగా ఏడు. ఏడిస్తే రెండు దెబ్బలు తగ్గుతాయని మా అన్న అంటాడు.”

“మీ అన్న ఎప్పుడూ ఏడుస్తూనే కనబడతాడుగా!”

“అందుకే చెబుతున్నా, వాడికి బాగా తెలుసు.”

బడి సమీపిస్తున్నకొద్దీ యామ్నా నడక నెమ్మదించింది. లోపలినుంచి కర్ర చప్పుడు వస్తోంది. మొన్నటి చలికాలం నుంచి ఫకీహ్ చేతిలోకి పొడవాటి ఆలివ్ కర్ర ఒకటి వచ్చింది. ఆయన ఎక్కడికి కదిలినా ముందు అది గోడ మీద, నేల మీద టక్కుటక్కున మోగేది. ఆ చప్పుడుకే చిన్నపిల్లలు చాపల మీద బిగుసుకుపోయేవారు. అది ఎవరి వీపునూ తాకినట్లు ఎవరూ చూడలేదు గాని, తనకే ఆ ముహూర్తం రాసి ఉందని ప్రతివారూ నమ్మేవారు.

“ఎవరది?” గడప దగ్గరే గద్దింపు.

“యామ్నా, సీదీ.”

“తండ్రి పేరుతో కలిపి, గట్టిగా!”

“బ్రాహీం కూతురు యామ్నా, సీదీ!”

ఈ నియమమూ ఆ చలికాలంలో వచ్చినదే. ఇక ఆయన చూపు సంగతి చెప్పనక్కరలేదు. అది ఎదుటివారి ముఖం మీద ఆగేది కాదు. భుజం పక్కగా ఎటో పోయేది. మనిషి భుజాల మీద కూర్చొని పాపపుణ్యాలు రాసే దేవదూతల రాతను ఆయన చదువుతున్నారని పిల్లలు గుసగుసలాడుకునేవారు.

యామ్నా కంటే ముందు కూర్చున్న పిల్లవాడు మధ్యలో తడబడ్డాడు. కర్ర చాప మీద ఒక్కటి పడింది. “వచ్చే బుధవారం!” వాడు పలక చంకన పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

“బ్రాహీం కూతురు!”

యామ్నా మోకాళ్ల మీద కూర్చుంది. “సీదీ, నా పలక...”

“పలక సంగతి తరువాత. ముందు అప్పజెప్పు.”

“మా నానమ్మ, సీదీ...”

“మీ నానమ్మ అప్పజెబుతుందా? నువ్వా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కర్ర లేచింది, నవ్వు ఆగింది.

యామ్నా మొదలుపెట్టింది. ఒక్క వాక్యమూ తప్పలేదు. తమ్ముడిని ఊపుతూ, పిండి పిసుకుతూ, వారమంతా వల్లెవేసిన పాఠం అది. ఒకదాని వెనుక ఒకటిగా వాక్యాలు తమంత తామే వచ్చాయి. ఎక్కడా కర్ర మోగలేదు. చివరి మాట పలికి ఆమె పలకను ఒళ్లోకి తీసుకుంది.

“ఇటివ్వు.”

ఆమె తెల్లని పలకను రెండు చేతులతో అందించి తల వంచింది. అత్త ఇంటి మగ్గం కళ్లముందు నిలిచింది. కళ్లు గట్టిగా మూసుకుని, మనసులోనే దేవుణ్ణి తలచుకుంది. ఫకీహ్ గోరు పలక మీద మెల్లగా గీరుతున్న చప్పుడు వినబడింది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

“రాత ముత్యాల్లా ఉంది తల్లీ, ఇక కడిగెయ్యి.”